మొహమాటానికి వేసిన వేలిముద్ర

ఉత్తరం: "నమస్తే అమ్మా. మాది గుంటూరు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేశాను. రెండు నెలల కిందట టీబీ మీద జరిగే ఒక రీసెర్చ్ ప్రాజెక్టులో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. డబ్బు ఒక విదేశీ యూనివర్సిటీది, పని ఇక్కడివాళ్లది. టీబీ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఇంట్లో మిగతావాళ్ల చేత కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించుకుని, రక్తం, కళ్లె శాంపిళ్లు పంపాలి. ఆ తర్వాత రెండేళ్లు ఎవరికి జబ్బు వస్తుందో చూస్తారు. కొత్త మందు, టీకా లాంటివేమీ ఇవ్వరు. నెలకు 40 ఇళ్లు టార్గెట్. పోయిన వారం ఇచ్చిన లిస్టులో మా పెదనాన్న పేరే ఉంది. పెద్దమ్మ మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఫారం చూపిస్తే, 'మన రక్తం ఫారిన్ పంపి అమ్ముకుంటారంటగా? సరేలే, నీ ఉద్యోగం కోసం వేలిముద్ర వేస్తాలే' అంది. తనకూ దగ్గు ఉంది, కానీ అది మిర్చి దగ్గేనంటుంది. మా నాన్న యార్డులోనే గుమాస్తా. 'తెల్లోళ్లకు మనం ఎలుకలం, నువ్వు మధ్యలో దళారీవి' అంటున్నారు. సూపర్‌వైజర్ సార్‌ని అడిగితే 'టెన్షన్ పడకమ్మా, అవి ఎవరూ చదవరు, సంతకం పెట్టించుకుని వచ్చెయ్' అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. మానేయనా? నాన్న అన్నది నిజమేనా?" పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు.

సమాధానం:

అమ్మాయ్, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు పెద్దమ్మకు ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందో కనుక్కో. ఇంట్లో టీబీ మనిషి ఉండగా, అదే గదిలో పడుకునే మనిషికి రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, అది మిర్చి దగ్గో కాదో తేల్చాల్సింది కళ్లె పరీక్ష, పెద్దమ్మ కాదు. నేను టీబీ డిపార్ట్‌మెంట్‌లో సూపర్‌వైజర్‌గా ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊరి సందులన్నీ తిరిగాను. యార్డుకు వెళ్లేవాళ్లు 'ఘాటుకమ్మా' అంటారు, పొగాకు కంపెనీకి వెళ్లేవాళ్లు 'పొగాకు పొడికమ్మా' అంటారు, జిన్నింగ్ మిల్లువాళ్లు 'దూది నుసికమ్మా' అంటారు. టీబీ దాక్కోవడానికి మన గుంటూరులో ఉన్నన్ని చోట్లు ఇంకెక్కడా ఉండవేమో.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పరీక్షకు డబ్బులు తీసుకోరు. జబ్బు లేదని తేలితే, రాకుండా వేసుకునే మాత్రలు ఇంట్లోవాళ్లకు కూడా ఊరికే ఇస్తారు, వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు వేసుకునే కోర్సు ఒకటి ఉంది. పెదనాన్నకు తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడాలి, 2024 నవంబర్ ముందు 500 ఉండేది. వీటిలో ఏ ఒక్కటీ మీ స్టడీలో చేరితేనే వచ్చేది కాదు. ఈ ముక్క ప్రతి ఇంట్లోనూ, ఫారం బ్యాగులోంచి తీయకముందే చెప్పు. పేదవాళ్లకు ఆసుపత్రి, రీసెర్చ్ రెండూ ఒకటే చెయ్యిలా కనిపిస్తాయి. 'కాదంటే మందులు ఆపేస్తారేమో' అని భయపడి వేసిన వేలిముద్రలు నేను చాలా చూశాను.

ఇక నీ ప్రశ్న. మానేయొద్దు, కనీసం ఇప్పుడే మానేయొద్దు. కానీ పెద్దమ్మ ఫారం మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. 'నీ ఉద్యోగం కోసం వేస్తాలే' అని ఆవిడ అన్న మాట నీకు ప్రేమగా వినపడి ఉంటుంది, నిజంగా ప్రేమే. కానీ అది ఒప్పుకోవడం కాదు, పెళ్లిలో చదివించే నూటపదహార్లు లాంటిది. మొహమాటం. మరిది కూతురు వచ్చి అడిగితే 'వద్దు' అనే పెద్దమ్మ మన ఇళ్లల్లో ఉంటుందా? ఆ ఇంటికి నీతో పనిచేసే ఇంకొకరిని పంపమని ఆఫీసులో చెప్పు. ఎందుకని అడిగితే చుట్టాలమ్మా అను, చాలు. ఆ మాత్రం కారణానికి ఒప్పుకోని ప్రాజెక్టైతే అప్పుడు మానేయడం గురించి ఆలోచిద్దాం.

నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. ఏ సగమో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆయన యార్డులో గుమాస్తా కాబట్టి ఈ లెక్క నాకంటే బాగా అర్థమవుతుంది. కొనేవాడు లేని సరుకు ఎవరూ పండించరు. 1975 నుంచి 1999 వరకు ప్రపంచం మొత్తం మీద 1,393 కొత్త మందులు మార్కెట్లోకి వస్తే, టీబీకీ ఉష్ణదేశాల జబ్బులకూ కలిపి వచ్చినవి 16. పాతికేళ్లలో పదహారే! టీబీ ఎక్కువగా వచ్చేది ఇరుకు గదుల్లో బతికేవాళ్లకు, సరైన తిండి లేనివాళ్లకు. వాళ్ల దగ్గర మందు కొనడానికి డబ్బుండదని కంపెనీలకు తెలుసు. అందుకే ఈ జబ్బుల మీద పని జరగాలంటే ప్రభుత్వాలు, యూనివర్సిటీలు, ఛారిటీ సంస్థలు తలా కాస్త వేసుకోవాల్సి వస్తుంది. అలాంటివి 2003లోనే రెండు పుట్టాయి. హెచ్ఐవీ, టీబీ, మలేరియా మందులను ఆఫ్రికాలో పరీక్షించడానికి ఐరోపా దేశాలు, ఆఫ్రికా దేశాలు కలిసి పెట్టుకున్న ఈడీసీటీపీ ఒకటి. రెండోది, కంపెనీలు పట్టించుకోని జబ్బులకు మందులు తయారుచేయించే జెనీవా సంస్థ డీఎన్‌డీఐ, దానికి పునాది వేసినవాళ్లలో మన కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ కూడా ఉంది. ఆఫ్రికాలో నిద్ర జబ్బు ముదిరినవాళ్లకు ఒకప్పుడు ఆర్సెనిక్ ఉన్న ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు, వేయించుకున్న ప్రతి ఇరవై మందిలో ఒకరు జబ్బుతో కాదు, ఆ మందుతోనే పోయేవాళ్లు. డీఎన్‌డీఐ, కాంగో డాక్టర్లు కలిసి చేసిన ట్రయల్స్ వల్ల ఇప్పుడు దానికి పది రోజులు వేసుకునే మాత్రలు ఉన్నాయి. ఏ కంపెనీ సొంతంగా చేసేది కాదు అది.

అంత దూరం ఎందుకు, మనకు దగ్గర్లోనే ఉంది. 1956లో మద్రాసులో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఒక టీబీ కేంద్రం తెరిచాయి. అప్పట్లో టీబీ అంటే శానటోరియమే. మంచం, మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు మీ తాతగారి తరానికి బాగా తెలుసు, అక్కడ పెద్ద డాక్టరుగా ఉన్నది డెన్మార్క్ నుంచి వచ్చినాయన. కానీ దేశంలో ఉన్న రోగులకూ ఉన్న మంచాలకూ పొంతనే లేదు. అందుకని 193 మంది రోగులను, అందరూ మద్రాసు పేదవాళ్లే, చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపును శానటోరియంలో పెట్టారు, రెండో గుంపుకు అవే మందులిచ్చి ఇంటికి పంపారు. ఇంటికెళ్లినవాళ్లకు పాలూ లేవు, గుడ్లూ లేవు, ఒకే గదిలో ఆరేడుగురు ఉండే కొంపలు, మధ్యలో పనులకు కూడా వెళ్లారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ జబ్బు దాదాపు ఒకేలా తగ్గింది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువేమీ కాలేదు. 1959లో ఆ సంగతి బయటికొచ్చాక, టీబీ వస్తే ఇల్లు వదిలి పోవాలన్న రూలే మారిపోయింది. మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానటోరియం ఉండేది, మీ నాన్నగారికి గుర్తుండే ఉంటుంది. పెదనాన్న ఇవాళ సొంత మంచం మీద పడుకుని మాత్రలు వేసుకుంటున్నాడంటే ఆ 193 మంది పుణ్యమే. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

ఇంకొకటి మన జిల్లాదే. ఈ కథ గుంటూరులోనే ఎవరికీ తెలియదు, నాకు అదే బాధ. 2000 తర్వాత మన కోస్తా జిల్లాలకు ఎయిడ్స్ జిల్లాలని పేరు పడింది, సంబంధాలు చూసేవాళ్లు కూడా గుంటూరా అని ముఖం అదోలా పెట్టిన రోజులు. ఆ లెక్కలు ఎలా వచ్చేవంటే, ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణులనూ, సుఖవ్యాధుల క్లినిక్కులకు వచ్చేవాళ్లనూ పరీక్షించి దాన్నిబట్టి జిల్లా మొత్తానికి అంచనా కట్టేవాళ్లు. 2004-05లో హైదరాబాద్, సిడ్నీ సంస్థల పరిశోధకులు ఆ పద్ధతి వదిలేసి, గుంటూరు జిల్లాలో 66 చోట్ల ఇంటింటికీ తిరిగి 12,617 మంది రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పరీక్షించారు. పాత పద్ధతిలో అయితే జిల్లాలో 1.12 లక్షల మందికి హెచ్ఐవీ ఉండాలి. ఇంటింటి లెక్కలో సుమారు 46 వేలే తేలింది. తేడా ఎక్కడొచ్చిందంటే, ప్రైవేటు ఆసుపత్రుల వాళ్లు అనుమానం ఉన్న గర్భిణిని చెయ్యి దులుపుకుని ప్రభుత్వాసుపత్రికి పంపేసేవాళ్లు. అక్కడికి వెళ్లేదే పేదవాళ్లు, దానికి తోడు ఇలా తోసేసినవాళ్లు. ఆ మంద నుంచి జిల్లా మొత్తాన్ని లెక్క కట్టారన్నమాట. ఆ తర్వాత 2007లో, దేశమంతా జరిగిన ఇంటింటి సర్వే కూడా చూశాక, భారతదేశంలో హెచ్ఐవీ ఉన్నవాళ్ల అంచనా 50 లక్షలకు పైనుంచి సుమారు 25 లక్షలకు దిగింది. ఆ మార్పు రాబోతోందని ముందుగా చెప్పినవాళ్లలో మన గుంటూరు జిల్లా పల్లెలవాళ్లూ ఉన్నారు. ఆ రోజు వేలు చాపిన మనిషి ఎవరైనా ఎదురైతే, నీ చుక్కతో ఇంత జరిగిందమ్మా అని చెప్పాలని ఉంటుంది నాకు.

కాబట్టి ఎలుకలం కాదు. అయితే ఎలుకల్లా చూసిన సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి, అదీ మన తెలుగు నేల మీదే.

2009లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మీద ఒక ప్రాజెక్టు నడిపారు. అమెరికా సంస్థ పాత్, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలు, భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది, అది కూడా నువ్వు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఆ టీకా మంచిదే, మీ ఇంట్లో ఆడపిల్లలుంటే వేయించమనే చెప్తాను. కానీ ఫారాల సంగతి తవ్వితే బయటపడింది వేరే. 2013లో పార్లమెంటు కమిటీ రిపోర్టులో రాసిన లెక్క ప్రకారం ఇక్కడి 9,543 ఫారాల్లో 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. తల్లిదండ్రులు కాదు. పిల్ల తల్లి ఏ గూడెంలోనో పోడు చేసుకుంటోంది, ఆమె కూతురి చేతికి సూది గుచ్చడానికి ఒప్పుకుంది వార్డెన్. మీ సూపర్‌వైజర్ 'అవి ఎవరూ చదవరు' అన్నాడు చూడు, సరిగ్గా అదే మాట అక్కడ కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు. చివరికి చదివింది పార్లమెంటు. దాని వల్ల నష్టపోయింది ఎవరు? ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ టీకా పేరెత్తితే జనం భయపడ్డారు.

నేనేదో కడిగిన ముత్యాన్ని అని చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటి పనే ఒకటి చేశాను, ఏ సంస్థ అన్నది వదిలెయ్. ఇంకు ప్యాడ్ పట్టుకుని ఒక్క మధ్యాహ్నంలో ఒక వీధి వీధంతా వేలిముద్రలు వేయించాను. 'మీ రక్తంలో ఏముందో వచ్చి చెప్తాం' అని అందరికీ చెప్పాను, నాకు అలాగే చెప్పమన్నారు. ప్రాజెక్టు అయిపోయింది, ఫైళ్లు ఎక్కడికో పోయాయి, ఫలితాలు నాకే చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఆ వీధి చివర ఇడ్లీలు అమ్మే ఒకావిడ నన్ను గుర్తుపట్టి 'ఏమ్మా, నా రక్తంలో ఏముందో చెప్తానన్నావుగా' అంది. కోపంగా కూడా అనలేదు, చట్నీ వేస్తూ అంది. ఆ వీధి తప్పించుకుని చాలా రోజులు చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్లాను.

అందుకే చెప్తున్నా, నువ్వు ముందు కొన్ని సంగతులు తెలుసుకో. మీ స్టడీలో మందు ఇవ్వడం లేదు కాబట్టి ప్రాణాపాయం లేదు, రక్తం తీయడం, రెండేళ్లు గమనించడం అంతే. ఇలాంటివి దేశంలో ఉన్నవే. 2013 నుంచి మన ప్రభుత్వం, అమెరికా ప్రభుత్వం కలిసి డబ్బు పెట్టి చెన్నై, వేలూరు, పుదుచ్చేరి, పుణె లాంటి చోట్ల టీబీ రోగులనూ వాళ్ల ఇంట్లోవాళ్లనూ గమనిస్తూ వస్తున్నాయి. ఎవరికి జబ్బు పైకి లేస్తుందో రక్తం చూసి ముందే చెప్పగలిగితే అది చిన్న విషయం కాదు. అయినా అడగాల్సినవి అడగాలి. విదేశీ డబ్బుతో చేసే ఆరోగ్య పరిశోధనకు ఢిల్లీలో ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఉండాలి, అది ఉందా? పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న కాగితం ఉందా, తేదీ ఎంత? ఆ కమిటీలో డాక్టర్లే కాకుండా ఒక లాయరూ, వైద్య రంగంతో సంబంధం లేని మామూలు మనిషీ కూడా ఉండాలని రూలు పెట్టింది ఊరికే కాదు, మీ నాన్నగారి లాంటి ప్రశ్న అడగడానికే. రక్తం ఎక్కడ దాస్తారు, ఎన్నేళ్లు దాస్తారు, దేశం దాటుతుందా, దాటితే దేనికి? మధ్యలో ఎవరికైనా టీబీ అని తేలితే ఆ మనిషిని ఆసుపత్రికి చేర్చేది ఎవరు? డబ్బు మధ్యలో ఆగితే? ఇది నవ్వులాటకు అనడం లేదు, 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఉన్నట్టుండి ఆపేస్తే ఎన్నో దేశాల్లో ట్రయల్స్ ఎక్కడివక్కడ ఆగిపోయాయి, సగం కోర్సులో ఉన్న మనుషులు గేటు దగ్గర నిలబడ్డారు.

ఇంకొక్కటి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఆ 40 ఇళ్ల టార్గెట్ దేనికి? తిరిగిన ఇళ్లకా, పెట్టించిన సంతకాలకా? మీ రిజిస్టర్‌లో 'వద్దన్నారు' అని రాసే గడి ఉందేమో చూడు. ఉంటే, రెండు నెలల్లో అందులో ఎంతమందిని రాశారో లెక్కపెట్టు. ఏ వీధికి వెళ్లినా పదిళ్లలో ఒకరిద్దరు కాదంటారు, అది మనుషుల స్వభావం. భర్త ఊళ్లో లేడనో, సూదంటే భయమనో, ఊరికే ఇష్టం లేకో. నీ రిజిస్టర్‌లో ఒక్క 'వద్దు' కూడా లేదనుకో, మీరు సమ్మతి తీసుకోవడం లేదు, మొహమాటాలు వసూలు చేస్తున్నారు. నేను ఆ వీధిలో ఒక్క మధ్యాహ్నంలో అంతమంది చేత ఒప్పించినప్పుడు ఎంత పొంగిపోయానో, ఒక్కరు కూడా కాదనలేదని! అప్పుడే అనుమానం రావాల్సింది.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు కూడా నిజమే చెప్పాలి. రక్తం సీసా లెక్కన ఎవరూ అమ్ముకోరు. కానీ ఇంతమంది రక్తం చూసి నేర్చుకున్నదానితో రేపు ఎవరో ఒక పరీక్ష కిట్టో టీకానో తయారుచేసి అమ్మొచ్చు, అందులో పెద్దమ్మకు వాటా రాదు. ఇది దాచి 'అబ్బే అలాంటిదేం లేదు' అంటే, ఆవిడకు రేపు తెలిసిన రోజున నిన్నే కాదు, టీకా వేయడానికి వచ్చే ఏఎన్ఎంను కూడా నమ్మదు. వాటా రాకపోయినా ధర మన చేతికి అందేలా కొట్లాడొచ్చన్నది కూడా నిజమే. బెడాక్విలిన్ అని మొండి టీబీకి వాడే మందు ఉంది, దాని మీద పేటెంటు ఇంకొన్నేళ్లు పొడిగించుకోవాలని కంపెనీ చూస్తే, పాత ఇంజెక్షన్ల వల్ల వినికిడి పోగొట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు అడ్డం తిరిగారు. ముంబై అమ్మాయి నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికా అమ్మాయి ఫుమేజా టిసిలే. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు ఆ పొడిగింపు కాదంది, తర్వాత మందు ధర బాగా దిగింది. అదే మందుతో కలిపి ఇచ్చే కొత్త కోర్సుకు 2024లో మన దేశంలో అనుమతి వచ్చింది, ఏడాదిన్నర రెండేళ్లు మింగాల్సిన వైద్యం ఆరు నెలలకు వచ్చింది. దాని ట్రయల్ జరిగింది ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికాల్లో. అక్కడి పెద్దమ్మలు ఒప్పుకున్నారు కాబట్టి ఇక్కడి పెదనాన్నలకు పని జరిగింది, ఇది కూడా నాన్నగారికి చెప్పు.

నాన్నగారి మాటలో నిజమైన సగం ఇదిగో. డబ్బు ఎవరిదైతే ప్రశ్న కూడా వాళ్లదే అవుతుంది. టీకా మీద, కిట్టు మీద స్టడీ చేయడానికి ముందుకొచ్చినంతగా పైపుల మీద, పప్పు మీద రారు. నెలల పిల్లలకు విరేచనాలు రాకుండా వేసే రోటావాక్ చుక్కల సంగతే చూడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పసిపిల్లల్లో దొరికిన వైరస్, అమెరికా సంస్థల సాయం, హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారీ, 6,799 మంది పిల్లల మీద ట్రయల్, అన్నీ కలిసి 2016లో దేశంలో మొదటిసారి వేసిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎంత గొప్ప పని! రెండేళ్లు తిరక్కుండా 2018లో మన గుంటూరు ఆనందపేటలో మంచినీళ్లలో మురుగు కలిసి విరేచనాలతో మనుషులు పోయారు. ఆ పైపు మీద పరిశోధన చేయడానికి ఏ యూనివర్సిటీ రానక్కర్లేదు, మార్చడానికి మనిషి రావాలి.

అయితే మన ప్రశ్న మనమే వేసుకున్న సందర్భం కూడా ఒకటుంది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు ఐసీఎంఆర్ డబ్బుతో జరిగింది. టీబీ రోగి ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, చిన్నపిల్లలకు అందులో సగం ఇచ్చారు, రోగికి తప్ప మిగతావాళ్లకు ఇవ్వని ఇళ్లతో పోల్చి చూస్తే ఆ ఇళ్లల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల టీబీ అయితే దాదాపు సగం. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే జబ్బు రాదని తెలుసుకోవడానికి ట్రయల్ కావాలా అని నాకూ ఒళ్లు మండింది చదవగానే. కానీ అంకె లేకపోతే ఫైలు కదలదు, ఇరవై ఏళ్ల సర్వీసులో నేర్చుకున్నది అదే. మీ ప్రాజెక్టు పెద్దల దగ్గర ఎప్పుడైనా మాట్లాడే అవకాశం వస్తే, వెళ్లిన ప్రతి ఇంట్లో ఎంతమంది ఏం తింటున్నారో రాసుకునే గడి ఒకటి పెట్టమని అడుగు. ఆ డేటా కోసం వాళ్లే నిన్ను మెచ్చుకుంటారు.

నాన్నగారు దళారీ అన్నందుకు బాధపడకు. యార్డులో చూశావుగా, రైతుకు ధర ముందే గట్టిగా చెప్పేవాడూ ఉంటాడు, రుమాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసేవాడూ ఉంటాడు. నువ్వు రుమాలు తీసెయ్, అంతే. తెలుగు ఫారం నెమ్మదిగా చదివి వినిపించు, విన్నాక 'మీకు ఏం అర్థమైందో మీరు చెప్పండమ్మా' అను, వాళ్ల నోటితో వచ్చాకే ప్యాడ్ తియ్యి. చదువురాని వాళ్లకైతే మీ టీము కాని, చదవడం వచ్చిన మనిషి సాక్షిగా ఉండాలి, పక్కింటావిడైనా సరే. ఒక కాపీ వాళ్ల ఇంట్లో పెట్టి రా. ఇలా చేస్తే రోజుకు రెండిళ్లు కూడా కావు, తెలుసు. నెలకు 40 అవ్వవు.

అప్పుడు మీ సూపర్‌వైజర్ మళ్లీ ఆ మాటే అంటాడు, ఎవరూ చదవరు, సంతకం పెట్టించుకుని వచ్చెయ్ అని. సరే సార్, అదే మాట ఒక మెయిల్ పెట్టండి, అలాగే చేస్తాను అని మర్యాదగా అడుగు. పెట్టడనుకుంటాను. పెడితే మాత్రం ఆ మెయిల్ దాచుకుని నాకు ఇంకో ఉత్తరం రాయి.